చౌడు మిద్దె చల్లదనం స్లాబు ఇంటికి తేవచ్చా?

ప్రశ్న (బనగానపల్లె దగ్గరి రైతు):
మా ఊరిలో తక్కువ ఖర్చుతో రెండు గదుల ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాను. మా జేజినాయన కట్టించిన చౌడు మిద్దెలో (కర్ర దూలాల పైకప్పు మీద చౌడు, అంటే ఉప్పు మట్టి, పరిచిన ఇంట్లో) నడివేసవి మధ్యాహ్నం కూడా ఫ్యాను లేకుండా నిద్ర పట్టేది. తమ్ముడి స్లాబు ఇంట్లో రాత్రి పదకొండయినా పైకప్పు సెగ కక్కుతూనే ఉంటుంది. గోడలకు బేతంచెర్ల నాపరాయి దగ్గరలోనే ఉంది గానీ, దూలాలకు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలకు మంచి కర్ర దొరకడం లేదు. స్లాబు వేసి, దాని మీద అర అడుగు చౌడు పరిస్తే సరిపోతుందా?

జవాబు (సివిల్ ఇంజినీరు):
దయచేసి ఆ పని చేయకండి. చౌడులోని సోడియం వల్ల, తడిసినప్పుడు బంకమట్టి రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి కనుక నీరు కిందికి దిగదు. మన పెద్దలు మిద్దెకు చౌడునే ఎంచుకున్నది అందుకే. కానీ ఆ మట్టిలోని ఉప్పు స్లాబులోకి ఇంకితే లోపలి కడ్డీలు తుప్పు పడతాయి. కర్ర దూలానికి ఈ బెడద లేదు. పైగా 10 అడుగులకు 12 అడుగుల గదిపై అర అడుగు మట్టి అంటే, పొడిగా ఉన్నప్పుడే రెండున్నర టన్నులకు పైమాట.

దానికి బదులు, కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ విరివిగా వాడిన ఫిల్లర్ స్లాబును పరిశీలించండి. స్లాబు అడుగు భాగంలో లాగుడు బలాన్ని మోసేది కడ్డీలే కనుక, వాటి మధ్య కాంక్రీటుకు బదులు రెండేసి పెంకులను జతచేసి పెడతారు. ఆ జత మధ్య నిలిచే గాలి వేడిని కొంత ఆపుతుంది, సిమెంటూ తగ్గుతుంది. పెంకులను ముందే నీళ్ళలో నానబెట్టకపోతే కాంక్రీటులోని తడిని పీల్చేస్తాయి. కడ్డీల లెక్క మాత్రం మేస్త్రీ అంచనాకు వదలకండి. పైన ఏటా వేసవికి ముందు తెల్లసున్నం కొట్టించండి.

జవాబు (మిద్దె ఇంట్లోనే ఉంటున్న గృహిణి):
మాది ఇప్పటికీ చౌడు మిద్దెయే. మృగశిర కార్తెకు ముందు ఏటా కొత్త చౌడు పోయాలి. ఒక్క ఏడు బద్ధకించినందుకు వంటింటి మూల కారి, జొన్నల గోతం తడిసిపోయింది. అయితే చల్లదనం మట్టిది మాత్రమే కాదండీ. రాత్రి గవాక్షి (పైకప్పులో గాలికి వదిలిన రంధ్రం) మీది బండ జరిపితే, లోపలి ఉక్క పైకి పోవడం ఒంటికే తెలుస్తుంది. మీ స్లాబులోనూ అలాంటి గవాక్షి ఒకటి పెట్టించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చౌడు ఆలోచన మానుకున్నాను. గవాక్షి చుట్టూ వాన నీరు దిగకుండా గట్టు ఎంత ఎత్తు కట్టాలో ఇంజినీరు గారు చెప్పగలరా?

జవాబు (సివిల్ ఇంజినీరు):
స్లాబు పోసేటప్పుడే చుట్టూ అర అడుగు గట్టు కలిపి పోయించండి. తరువాత ఇటుకతో కడితే ఆ అతుకులోనే కారుతుంది.