మెర్క్యురీ ఏడుగురి వ్యాసాలు: ఒకదానితో ఒకటి పొంతన కుదరడం లేదు, సమీక్ష ఎలా చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికా తొలి ఏడుగురు వ్యోమగాముల మీద తెలుగులో తయారైన తొమ్మిది విజ్ఞానసర్వస్వ వ్యాసాలు సమీక్షకు వచ్చాయి. ఏడు జీవిత చరిత్రలు, ఒకటి బృందం మీద, ఇంకొకటి మెర్క్యురీ ప్రాజెక్టు (వాళ్ళను అంతరిక్షంలోకి పంపిన అమెరికా కార్యక్రమం) మీద. రాసినవాళ్ళు వేరువేరు. విడిగా చదివితే ఏ వ్యాసమూ తప్పనిపించదు. పక్కపక్కన పెడితే షెపర్డ్ చేరిన ఎత్తు ఒకచోట 187 కి.మీ., ఇంకోచోట 163 కి.మీ. గ్లెన్‌ను ఒకరు నౌకాదళం అన్నారు, ఒకరు మెరైన్ అన్నారు. ఏ వరుసలో చూడమంటారు? రాకేశ్ శర్మ వ్యాసం కూడా ఇందులో కలపమని ఒకరు అడుగుతున్నారు, కలపొచ్చా?

జవాబు 1:
ముందు పట్టిక వేసుకోండి, చదవడం తర్వాత. మనిషికి ఒక అడ్డు వరుస. గడుల్లో జనన మరణాల తేదీలు, సైనిక విభాగం, నౌక పేరు, ప్రయోగ సమయం, ఎంతసేపు, ఎన్ని ప్రదక్షిణలు, ఎంత ఎత్తు. దీన్ని వ్యాసాల్లోంచి నింపకండి, నాసా పత్రాల్లోంచి నింపండి. లేకపోతే వ్యాసంలోని తప్పే మీకు కొలబద్ద అయి కూర్చుంటుంది. తర్వాత ప్రతి అంకెనూ మూడుచోట్ల చూడాలి: సమాచారపెట్టె, ప్రవేశిక, లోపలి పాఠం. దిద్దినవాళ్ళు పెట్టెలో మార్చి లోపల వదిలేయడం మామూలే.

పట్టికలో ఉండాల్సింది ఇది. షెపర్డ్, ఫ్రీడమ్ 7, 1961 మే 5, పావుగంట పైచిలుకు. గ్రిసమ్, లిబర్టీ బెల్ 7, 1961 జులై 21, 15 నిమిషాల 37 సెకన్లు. వీళ్ళిద్దరూ కక్ష్యలోకి వెళ్ళలేదు కాబట్టి ప్రదక్షిణల గడి ఖాళీ. గ్లెన్, ఫ్రెండ్‌షిప్ 7, 1962 ఫిబ్రవరి 20, 3 ప్రదక్షిణలు. కార్పెంటర్, అరోరా 7, 1962 మే 24, 3. షిరా, సిగ్మా 7, 1962 అక్టోబరు 3, 6. కూపర్, ఫెయిత్ 7, 1963 మే 15–16, 22 ప్రదక్షిణలు, 34 గంటల 19 నిమిషాలు. స్లేటన్ వరుసలో మెర్క్యురీ యాత్ర ఉండకూడదు. గుండె లయలో తేడా కారణంగా 1962లో ఆయన్ను ఆపేశారు, 1975 జులైలో అమెరికా, సోవియట్ ఉమ్మడి యాత్ర అపోలో–సోయుజ్‌తో గాని ఎగరలేదు. బృందం వ్యాసంలో ‘ఏడుగురూ మెర్క్యురీ నౌకల్లో వెళ్ళారు’ అని ఉంటే కొట్టేయండి.

మీ 163 కి.మీ. ఎలా వచ్చిందో చెప్పొచ్చు. షెపర్డ్ ఎత్తు 101.2 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు 1.852 కి.మీ., అంటే 187.4. ఎవరో మామూలు మైలు అనుకుని 1.609తో గుణించారు, 162.8 వచ్చింది, సర్దేశారు. అదే వ్యాసంలో ‘116.5 మైళ్ళు’ అని కూడా ఉంటే కంగారు పడకండి, అది మామూలు మైళ్ళలో అదే ఎత్తు. ఒకటి తప్పిందంటే మిగతా వ్యాసాల్లోని దూరాలన్నీ అనుమానించాల్సిందే. ప్రతి దూరం దగ్గరా మూలం తెరిచి ఏ మైలో చూడండి.

విభాగాలు: కార్పెంటర్, షిరా, షెపర్డ్ నౌకాదళం, కూపర్, గ్రిసమ్, స్లేటన్ వైమానిక దళం, గ్లెన్ మెరైన్ కోర్. మెరైన్ కోర్ అమెరికా నౌకాదళ శాఖ కిందకే వస్తుంది, తికమక అక్కడ పుట్టింది. వ్యాసంలో మాత్రం మెరైన్ అనే ఉండాలి. హోదా రాసినచోట అది యాత్ర నాటిదా, పదవీ విరమణ నాటిదా తేల్చండి.

జవాబు 2:
పైవారి పట్టిక బాగుంది. సమయాల గడి గురించి ఒక్క హెచ్చరిక. షెపర్డ్ ప్రయోగం కేప్ కనావెరల్ గడియారంలో ఉదయం 9:34. మే నెల కదా అని వేసవి సమయం (గడియారాన్ని గంట ముందుకు జరపడం) లెక్కగట్టి 13:34 యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని రాసేస్తారు. అప్పట్లో అక్కడ మే నెలలోనూ తూర్పు ప్రామాణిక సమయమే నడిచింది, కాబట్టి 5 గంటలు కలపాలి: 14:34. కూపర్ కూడా అంతే, ఉదయం 8:04 అంటే 13:04 యూటీసీ. భారత సమయంలోకి మార్చి రాయడం మానిపించండి. కూపర్ సముద్రంలో దిగింది యూటీసీ ప్రకారం 16వ తేదీ 23:24కి. మన సమయంలో రాస్తే అది 17వ తేదీ తెల్లవారుజాము అవుతుంది, మిగతా వ్యాసాలతో తేదీ పొసగదు.

అంకెలు తేలాక ఆరోపణలు చూడండి. వ్యాసం పక్షపాతంగా తయారయ్యేది అక్కడే. మూడు చోట్లు చెబుతాను.

గ్రిసమ్ నౌక తలుపు (పేల్చి తెరిచే ఏర్పాటున్నది). సముద్రంలో దిగాక తలుపు పేలి తెరుచుకుంది, నౌక మునిగింది. ‘కంగారుపడి పేల్చేశాడు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. విచారణలో ఆయన తప్పని తేల్చలేదు. షిరా తన యాత్ర చివర తలుపును చేత్తో పేల్చినప్పుడు చేతికి దెబ్బ తగిలింది. గ్రిసమ్ చేతికి అలాంటి గుర్తు లేదు. ఈ రెండు సంగతులూ లేకుండా ఆ పేరా పూర్తి కాదు. నౌకను 1999 జులైలో సముద్రం అడుగునుంచి పైకి తీశారు. నాసా తన మెర్క్యురీ చరిత్రను 1966లో ప్రచురించింది, దాన్నొక్కదాన్నే పట్టుకుని రాసినవాళ్ళు ‘నౌక ఇప్పటికీ సముద్రంలోనే ఉంది’ అంటారు. ప్రతి మూలానికీ ప్రచురణ సంవత్సరం చూడాలనేది అందుకే.

గ్లెన్ ఉష్ణకవచం. ‘కవచం ఊడిపోయింది’ అనేది తప్పు. ఊడిందని సూచించే సంకేతం భూమికి అందింది. అందుకే వేగం తగ్గించే రాకెట్ల మూటను విడిచిపెట్టకుండా దానితోనే వాతావరణంలోకి దింపారు. చివరికి లోపం స్విచ్‌లో ఉందని తేలింది.

కార్పెంటర్ గురి తప్పడం. సుమారు 400 కి.మీ. అవతల దిగాడు. ‘ప్రయోగాల ధ్యాసలో పడి నిర్లక్ష్యం చేశాడు’ అనేది ఒక పక్షం మాత్రమే. కారణాలు మూడు: వేగం తగ్గించే రాకెట్లు మండే వేళకు నౌక పక్కకు సుమారు 25 డిగ్రీలు తిరిగి ఉంది, అవి మండడం సుమారు 3 సెకన్లు ఆలస్యమైంది, వాటి తోపుడు కూడా అనుకున్నదానికంటే తగ్గింది. ఎక్కువ వాటా మొదటిదానిది. ఇంధనం ఎక్కువ ఖర్చయిన మాట నిజమే, అదీ రాయాలి. మూడు కారణాలూ ఉంటే తీర్పు పాఠకుడే చెప్పుకుంటాడు.

జవాబు 3:
ఎంపిక గురించి చూడండి. 40 ఏళ్ళ లోపు వయసు, 5 అడుగుల 11 అంగుళాలకు మించని ఎత్తు, టెస్ట్ పైలట్ శిక్షణ, 1,500 గంటల విమానయానం, పట్టా లేదా దానికి సమానమైన చదువు: ఇవీ షరతులు. 508 మంది వివరాలు పరిశీలించి 110 మందిని ఏరారు. ‘ఏడుగురికీ డిగ్రీ ఉంది’ అనే వాక్యం యాంత్రిక అనువాదాల్లో తరచూ కనిపిస్తుంది. ఎంపికనాటికి గ్లెన్‌కు, కార్పెంటర్‌కు డిగ్రీ పూర్తికాలేదు.

‘మెర్క్యురీ 13’ (వ్యోమగాముల వైద్య పరీక్షల్లాంటివి నెగ్గిన పదముగ్గురు మహిళా పైలట్లు) ప్రస్తావన ఉంటే జాగ్రత్త. ఆ మహిళల పరీక్షలు ఒక ప్రైవేటు వైద్య కేంద్రంలో జరిగాయి, అది నాసా కార్యక్రమం కాదు. ‘నాసా ఎంపిక చేసి తర్వాత తిరస్కరించింది’ అన్నది చెల్లదు. అలాగని ఆ సంగతి తీసేయమనడం లేదు. 1962లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు దీనిపై విచారణ జరిగింది, అది రాయాల్సిందే.

పాతబడిన రికార్డులు ఇంకో బెడద. గ్లెన్ 1998లో 77వ ఏట షటిల్‌లో వెళ్ళాడు. ‘అంతరిక్షంలోకి వెళ్ళిన అతి పెద్ద వయస్కుడు’ అనేది 2021తో చెల్లిపోయింది. ఆ ఏడాది కొద్ది నిమిషాల యాత్రల్లో అంతకంటే పెద్దవాళ్ళు వెళ్ళొచ్చారు, అందులో ఒకరు ఆ పదముగ్గురు మహిళల్లోని వాలీ ఫంక్, 82 ఏళ్ళు. ‘మొదటి’, ‘ఏకైక’, ‘అతి’ అనే మాటలన్నీ వెతికి ఒక్కొక్కటే పరీక్షించండి. ‘ఏడుగురిలో చంద్రుడి మీద నడిచింది షెపర్డ్ ఒక్కడే’, ‘మెర్క్యురీ, జెమిని, అపోలో మూడింటిలోనూ ఎగిరింది షిరా ఒక్కడే’ నిలుస్తాయి (జెమిని, అపోలో మెర్క్యురీ తర్వాతి అమెరికా కార్యక్రమాలు).

ఇక రాకేశ్ శర్మ. కలపొద్దు. హైదరాబాదులో చదువుకున్నాడు కాబట్టి మనకు మక్కువ ఉండటం సహజమే, కానీ ఆయన యాత్ర 1984లో సోయుజ్ టీ–11లో. సోవియట్ అతిథి వ్యోమగాముల సంపుటి కడితే అందులో ఉండాలి. సంపుటికి హద్దు ముఖ్యం: హద్దు లోపలి వ్యాసం ఒక్కటీ తగ్గకూడదు, బయటిది చేరకూడదు. మీ తొమ్మిదింటికీ హద్దు సరిగానే ఉంది. ఆరు యాత్రలకూ విడి వ్యాసాలు కూడా చేరిస్తే మంచిదే, కాకపోతే ఆరూ చేర్చాలి. గ్లెన్ యాత్ర ఒక్కటే చేరిస్తే ఏరుకున్నట్టు ఉంటుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ఇంకో రెండు. బొమ్మల సంగతేంటి? తప్పులు నేనే దిద్దేయనా, రాసినవాళ్ళకు పంపనా?

జవాబు 1:
నాసా సొంత బొమ్మలకు మామూలుగా ఇబ్బంది ఉండదు. పత్రికల ఫొటోలతోనే పేచీ. ఈ ఏడుగురూ లైఫ్ పత్రికతో 5 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, ఇళ్ళల్లో, కుటుంబాలతో ఉన్న ఫొటోలు చాలావరకు ఆ బాపతువే. నాసా గుర్తింపు సంఖ్య లేని ఫొటో కనిపిస్తే తీసి పక్కన పెట్టండి. ఆ పత్రికలో వాళ్ళ పేరుతో వచ్చిన కథనాలను మూలాలుగా వాడినచోట ‘గ్లెన్ చెప్పిన ప్రకారం’ అని ఉండాలి.

తేదీలు, కిలోమీటర్లు, పేర్ల వర్ణక్రమం మీరే దిద్దేయండి, దిద్దుబాటు సారాంశంలో మూలం, పేజీ సంఖ్య రాయండి. పేర్లకు మాత్రం ముందే ఒక జాబితా ఖాయం చేసుకోండి. ‘స్కిర్రా’ అని కనిపించిన ప్రతిచోటా ‘షిరా’ చేయాలి, పాత రూపానికి దారిమార్పు పెట్టాలి. తలుపు, గురి తప్పడం లాంటి పేరాలు మీరు తిరగరాయకండి. చర్చాపేజీలో వాక్యం యథాతథంగా పెట్టి, ఏ మూలం ప్రకారం ఎక్కడ తేడా వచ్చిందో రాసి, రాసినవారికి వారం గడువివ్వండి.

జవాబు 2:
వరుస అడిగారు కదా: ప్రాజెక్టు వ్యాసం, ఆ తర్వాత ఏడు జీవిత చరిత్రలు, బృందం వ్యాసం ఆఖరున. బృందం వ్యాసంలో ఉన్నదంతా మిగతావాటి సారాంశమే, ముందు దిద్దితే మళ్ళీ దిద్దాల్సి వస్తుంది.