పదో తరగతి ఫలితాలు బాగున్నా ఒకటో తరగతిలో పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు?

పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు, పల్నాడు జిల్లా:
మాది ఒక చిన్న పట్టణం. మా ప్రాథమిక పాఠశాలకు నాడు–నేడు (సర్కారు బడులను బాగుచేసే పథకం) కింద గదులు బాగుపడ్డాయి, మరుగుదొడ్లు వచ్చాయి. ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో 2025 పదో తరగతి ఉత్తీర్ణత రాష్ట్ర సగటు 81.14 శాతం కంటే మెరుగ్గానే ఉంది. అయినా ఒకటో తరగతిలో చేరేవారు ఏటా తగ్గుతున్నారు. జూన్‌లో బడి తెరిచే ముందు ఇంటింటికీ తిరిగినా ప్రయోజనం కనిపించలేదు. లోపం ఎక్కడుందంటారు?

ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు), గుంటూరు జిల్లా:
మీరు జూన్‌లో తిరిగేసరికే ఆలస్యమైపోతుందండీ. ప్రైవేటు బడులు మూడేళ్లకే పిల్లలను నర్సరీలో చేర్చుకుంటాయి. మన దగ్గర ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. యూకేజీ దాకా ఒకచోట చదివి, అక్కడ స్నేహితులను చేసుకున్న బిడ్డను తెచ్చి మన బడిలో వేయడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఆ లోటును అంగన్‌వాడీ పూడ్చాలి గానీ, అక్కడ పౌష్టికాహారానికి ఉన్నంత శ్రద్ధ చదువుకు లేదన్నది నా అభిప్రాయం. ఇక టీచర్ల సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లే కనుక ఐదు తరగతులను ఇద్దరం పంచుకుంటాం. ఒకరు సెలవు పెట్టినా, యాప్‌లో హాజరు, భోజనం ఫొటోలు ఎక్కించే పనిలో పడినా ఆ పూట చదువు సాగదు. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యను బట్టి టీచర్ పోస్టులను సర్దుబాటు చేయడంలో) పోస్టు పోతుంది, పోస్టు పోయిందని తెలిస్తే ఉన్న పిల్లలూ వెళ్లిపోతారు.

ఒక తల్లి, నరసరావుపేట:
మా అమ్మాయిని మేము మూడో తరగతిలో ప్రైవేటుకు మార్చాము. 2022లో జీవో 117తో మూడు నుంచి ఐదు తరగతులను హైస్కూలుకు తరలించినప్పుడు, ఎనిమిదేళ్ల పిల్ల లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్లవలసి వచ్చింది. ప్రైవేటు బడి బస్సు మాత్రం మా వీధిలోకే వస్తుంది. 2025లో ఆ జీవోను రద్దు చేసి, తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు, సంతోషమే. కానీ కొత్త బడికి అలవాటుపడిన పిల్లను మళ్లీ కదిలించలేము. పైగా పిల్లల చదువుకు తల్లులకు డబ్బిచ్చే పథకాలు, అప్పటి అమ్మ ఒడి అయినా, ఇప్పటి తల్లికి వందనం అయినా, ప్రైవేటులో చదివే పిల్లల తల్లులకూ వర్తిస్తున్నాయి కాబట్టి, ఆ డబ్బు కోసం సర్కారు బడిని ఎంచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఒంగోలు:
కమిటీ సభ్యుడు గారికి ఒక మాట. హైస్కూలు ఉత్తీర్ణతను చూసి ప్రాథమిక బడిని అంచనా వేయకండి. ఆ పదో తరగతిలో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలూ ఉంటారు. పైగా ఇరవై ఐదు మంది పరీక్ష రాస్తే ఒక్కరు తప్పినా నాలుగు శాతం తగ్గిపోతుంది. తల్లిదండ్రులకు కావలసింది మూడో తరగతి పిల్లవాడు తెలుగు, ఇంగ్లీషు తడుముకోకుండా చదవగలడా, తీసివేతలు చేయగలడా అన్నది. ఫిబ్రవరిలోనే అంగన్‌వాడీ టీచరు దగ్గర నాలుగైదేళ్ల పిల్లల జాబితా తీసుకుని, ఆ తల్లులను ఒక శనివారం బడికి పిలిచి, మీ పిల్లల చేత వారి ముందే చదివించండి. చదవలేకపోతే ప్రచారం ఆపి, కమిటీ సమావేశంలో ముందుగా ఆ విషయమే చర్చకు పెట్టండి.