బెసాల్ అనే లైట్ మెషిన్ గన్ నిజంగా ఉండేదా?

ప్రశ్న – మోడల్ పిచ్చోడు:
రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన లైట్ మెషిన్ గన్ బ్రెన్‌కి మోడల్ చేస్తున్నాను. ఫొటోలు వెతుకుతుంటే దాని తమ్ముడిలాంటిది ఒకటి కనిపించింది. కింద ‘బెసాల్’ అని రాసుంది. రేకు డబ్బాకి గొట్టం బిగించినట్టుంది. కాల్చే ముందు లాగే పిడి, అదే కాకింగ్ హ్యాండిల్, ఎంత వెతికినా దొరకలేదు. ఎవరైనా ‘బెసా’ని తప్పుగా రాశారా?

జవాబు – ట్యాంకు బాబు:
బెసా వేరండీ. అది ట్యాంకుల్లో బిగించే 7.92 ఎం.ఎం. గన్. పేర్లు కలిసిపోతున్నాయనే బెసాల్‌కి తర్వాత డిజైనర్ పేరు మీద ‘ఫాక్‌నర్’ అని పెట్టారు.

జవాబు – పాత ఫిట్టర్:
ఉండేది బాబూ. 1940లో జర్మన్లు తరిమితే ఫ్రాన్స్ తీరంలోని డంకిర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది కానీ, బ్రెన్‌లు చాలావరకు అక్కడే వదిలేసింది. అప్పుడు బ్రిటన్‌లో బ్రెన్ చేసేది ఎన్‌ఫీల్డ్ కార్ఖానా ఒక్కటే. దాని మీద బాంబు పడితే గతేంటి? ఆ భయంతో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ అనే తుపాకుల కంపెనీలో హ్యారీ ఫాక్‌నర్ దీన్ని గీశాడు. తీరా ఆ నవంబర్‌లో బాంబులు పడ్డది బీఎస్ఏ మీదే. యాభై మందికి పైగా కార్మికులు పోయారు.

నేను 31 ఏళ్లు మిల్లింగ్ మెషిన్ దగ్గర నిలబడ్డాను. బ్రెన్ బాడీ అంటే ఉక్కు దిమ్మని గంటలకొద్దీ చెక్కడమే. దాన్ని చూస్తేనే నాకు నడుం నొప్పి. బెసాల్ బాడీ అలా కాదు, ప్రెస్సులో రేకు వంచి స్పాట్ వెల్డింగ్ కొట్టడమే. చిన్న వర్క్‌షాపు చాలు.

హ్యాండిల్ నీకు కనిపించకపోవడం కరెక్టే. చేత్తో పట్టుకునే గ్రిప్పే హ్యాండిల్. ముందుకు తోసి, వెనక్కి లాగాలి. బెసాలోనూ ఇదే ఏర్పాటు.

మోడల్ పిచ్చోడు:
అయితే పరీక్షల్లో ఫెయిలైందా?

పాత ఫిట్టర్:
లేదు, బాగానే కాల్చింది. ఈలోగా ఎన్‌ఫీల్డ్‌కి ఏమీ కాలేదు, కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ కూడా బ్రెన్‌లు దించేస్తోంది. 1943లో దీన్ని పక్కన పెట్టేశారు. బ్రెన్‌కి ఇది స్టెప్నీ అనుకో, టైరు పంక్చరే కాలేదు.

మోడల్ పిచ్చోడు:
నా కిట్‌లో బ్రెన్ మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఒకటి మిగిలింది. దీనికి పెట్టొచ్చా?

పాత ఫిట్టర్:
నిశ్చింతగా పెట్టు. బ్రెన్ మ్యాగజైనే దీనికీ పడుతుంది. కానీ బాడీ మరీ నున్నగా పాలిష్ చేయకు, చూసినవాడు నమ్మడు.