ఏఐ శిక్షణకు మన పుస్తకాలు: కాపీరైట్ నుంచి మినహాయింపు ఇవ్వాలా, రాయల్టీ అడగాలా?

నల్లకుంట డీటీపీ:
ఇరవై ఏళ్లుగా తెలుగు పుస్తకాలకు డీటీపీ చేస్తున్నాను. పోయిన నెల ఒక పెద్దాయన తన కథల పుస్తకం పాత పేజ్‌మేకర్ ఫైలు తెచ్చి యూనికోడ్‌లోకి మార్చమన్నారు. అను ఫాంట్ నుంచి మారిస్తే వత్తులు చెదిరిపోతాయి, ‘లక్ష్మి’లో మకారం ఎక్కడో తేలుతుంది, ఒక్కో లైనూ అచ్చు పుస్తకంతో సరిచూసుకోవాలి. 160 పేజీలకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ ఫైలు నెట్‌లో పెట్టగానే ఎవరో ఏఐ శిక్షణకు లాగేసుకుంటే ఆయనకు రూపాయి రాదు. 2025 డిసెంబరులో కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ వేసిన కమిటీ వర్కింగ్ పేపర్ ఒకటి బయటపెట్టింది. చట్టబద్ధంగా దొరికిన ఏ రచననైనా శిక్షణకు వాడుకోవచ్చు, హక్కుదారు వద్దనడానికి లేదు, రాయల్టీ మాత్రం కట్టాలి అని అందులో ప్రతిపాదించింది. నాకు రాయల్టీ మాట సబబుగానే ఉంది. మీరేమంటారు?

మాదాపూర్ కోడర్:
మీ కష్టం కాదనను అక్కా. కానీ జపాన్ 2018లోనే చట్టం మార్చి, రచనను చదివి ఆనందించడానికి కాకుండా సమాచార విశ్లేషణకు వాడితే అనుమతి అక్కర్లేదంది. సింగపూర్ 2021లో వ్యాపారానికైనా సరేనంది. మేం నలుగురం కలిసి తెలంగాణ యాసను సరిగ్గా రాతలోకి మార్చే మోడల్ చేస్తున్నాం, రాయల్టీ లెక్కలు చూడ్డానికి మనిషిని పెట్టుకునే స్తోమత మాకెక్కడిది? పెద్ద కంపెనీ కట్టేస్తుంది, మేం దుకాణం మూసుకుంటాం. ఇక్కడ కట్టడి చేస్తే శిక్షణ సింగపూర్‌లో జరుగుతుంది, మోడల్ మన ఫోన్లోకే వస్తుంది.

విద్యానగర్ శ్రోత:
నాకు చూపు లేదు. గ్రూప్స్‌కి చదివిన పుస్తకాలన్నీ స్కాన్ చేయించుకుని కంప్యూటర్‌తో చదివించుకుని విన్నవే. 2012లో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మాలాంటివాళ్ల కోసం మినహాయింపు చేర్చారు, చూపులేనివాళ్లకు పుస్తకాలు అందేలా చేసుకున్న అంతర్జాతీయ మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. కాబట్టి మినహాయింపు అనగానే దోపిడీ అన్నట్టు ఎవరూ మాట్లాడకండి. అయితే తమ్ముడూ, ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో హక్కుల ఒప్పందం ట్రిప్స్ 13వ అధికరణం ప్రకారం మినహాయింపు ప్రత్యేక సందర్భాలకే ఉండాలి, రచన మామూలుగా అమ్ముడుపోవడానికి అడ్డు రాకూడదు, హక్కుదారుకు అన్యాయంగా నష్టం కలగకూడదు. నాకు పుస్తకం చదివి వినిపించే యంత్రం ఎవరి అమ్మకాన్నీ తినదు. అదే పుస్తకం మింగి అలాంటి కథలే అల్లి అమ్మే యంత్రం తింటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

నల్లకుంట డీటీపీ:
సరిగ్గా చెప్పారన్నా. తమ్ముడూ, ఆ పేపర్‌లో రాయల్టీ కట్టాల్సింది మోడల్ మీద ఆదాయం వచ్చాకే. నా టెన్షన్ వేరే. సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకుని, సగం తెలిసినవాళ్లకు పంచిపెట్టే మన రచయితకు ఆ డబ్బు ఎవరు తెచ్చిస్తారు? రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే ఏ సంఘంలోనూ ఆయన పేరుండదు.

ఇంకోటి, ఇది ఎటు తేలినా వాణిజ్య ఒప్పందంలో పెట్టి బిగించకూడదు. కెనడాలో కాపీరైట్ రచయిత పోయాక 50 ఏళ్లు ఉండేది. అమెరికా, మెక్సికోలతో చేసుకున్న ఒప్పందం కోసం 2022 డిసెంబరు 30 నుంచి 70 చేశారు. 1972లో పోయిన రచయితల పుస్తకాలు 2023లో అందరివీ కావాల్సింది, ఇప్పుడు 2043 దాకా ఆగాలి. మన దగ్గర 60 ఏళ్లు. పార్లమెంటు చేసిన చట్టం తప్పయితే పార్లమెంటే దిద్దుకుంటుంది. సుంకాల బేరంలో ఇచ్చేసిన మాట వెనక్కి తీసుకోవాలంటే అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి కదా. ఏఐ అంటే ఏమిటో ఇంకా ఎవరికీ పూర్తిగా అంతుపట్టని ఈ రోజుల్లో అంత తొందరెందుకు?

మాదాపూర్ కోడర్:
ఒప్పందం విషయంలో మీతోనే ఉన్నా అక్కా. ఆదాయం వచ్చాకే అన్నా, మొదటి లక్ష రూపాయలకూ వాటా అంటే చిన్నవాళ్లం నిలబడలేం, ఇంత ఆదాయం దాటాకే అని గీత గీయాలి. రీసెర్చ్‌కి పూర్తిగా వదిలేయాలి.

నల్లకుంట డీటీపీ:
గీత గీయమనే నేనూ అడుగుతాను. ఆ కథల ఫైలు మీకు పనికొస్తుందంటే చెప్పండి, ఆదివారం పెద్దాయన ప్రూఫులు ఇవ్వడానికి వస్తున్నారు, అడిగి చూస్తాను.