షుగర్ పుండుకు ఆక్సిజన్ చాంబర్ పనిచేస్తుందా?

ప్రశ్న:
నాన్నకు షుగర్. అరికాలి పుండు రెండు నెలలైనా మానడం లేదు, ఇన్ఫెక్షన్ ఎముక దాకా వెళ్లిందంటున్నారు. హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఒత్తిడి పెంచిన చాంబర్‌లో ఇచ్చే ఆక్సిజన్) 30 సార్లు పెట్టిద్దామని డాక్టర్ అన్నారు. దాని బదులు ఇంట్లోనే సిలిండర్ తెచ్చి మాస్కు పెడితే సరిపోదా? అసలు దీంతో కాలు దక్కుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మాస్కుతో ఆ పని జరగదండి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్, ఊపిరితిత్తులు బాగున్నవాళ్లలో అది మామూలు గాలికే దాదాపు నిండిపోయి ఉంటుంది. చాంబర్‌లో ఒత్తిడిని మామూలుకు 2 నుంచి 2.5 రెట్లు పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు, అప్పుడు సోడాలో గ్యాస్ కరిగినట్టు అది ప్లాస్మాలోనే (రక్తంలోని ద్రవంలోనే) కరిగి పుండు చుట్టూ ఉన్న కండకు చేరుతుంది. తెల్లకణాలు క్రిములను చంపాలన్నా, కొత్త రక్తనాళాలు మొలవాలన్నా ఆక్సిజన్ కావాలి. కానీ ముందు ఒకటి చెప్పండి, కాలికి డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీశారా? పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే దాన్ని తెరిపించే సంగతి ముందు చూడాలి, రక్తమే సరిగా అందని చోటికి ఆక్సిజన్ ఎలా వెళ్తుంది?

జవాబు 2:
మా అమ్మకు 32 సార్లు పెట్టించాం. వారానికి ఐదు రోజులు, ఒక్కోసారి గంటన్నర. విమానం దిగేటప్పటిలా చెవులు పట్టేస్తాయి, గుటకలు వేస్తుండమని ముందే చెప్పండి. లోపల షుగర్ పడిపోవచ్చు, అందుకే ప్రతిసారీ ముందూ తర్వాతా చూసేవాళ్లు. నిప్పు భయం వల్ల నూలు బట్టలే వేయాలి, తలకు నూనె రాయకూడదు, ఫోన్ అసలే వద్దు. చూపు కొన్నాళ్లు మసకగా ఉండి తర్వాత సర్దుకుంది. పది సార్లయ్యాక గానీ పుండులో ఎర్రటి కండ కనపడలేదు. అయితే అదే సమయంలో చచ్చిన కండ తీసేశారు, పాదం మీద బరువు పడకుండా కాస్ట్ (గట్టి కట్టు) వేశారు, కాబట్టి మానింది చాంబర్ ఒక్కదానివల్లే అని నేను చెప్పలేను.

జవాబు 3:
పై మాటే అసలైనది. అధ్యయనాల్లో కూడా కొన్నిట్లో లాభం కనపడింది, కొన్నిట్లో తేడా లేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన సమస్య ఉంటే, దానికి వైద్యం అయ్యేదాకా చాంబర్‌లోకి వెళ్లకూడదు, పాత జబ్బులూ వాడే మందులూ అన్నీ డాక్టర్‌కు చెప్పండి. ఇంట్లో వాడుకొమ్మని అమ్మే మెత్తటి సంచుల్లో ఒత్తిడి సాధారణంగా మామూలుకు 1.3 రెట్ల దగ్గరే ఆగిపోతుంది, వాటి జోలికి పోకండి.

అడిగినవారు:
డాప్లర్ తీయలేదండి, రేపే అడుగుతాను. నాన్న ఇప్పటికీ ఆ కాలి మీదే నడుస్తున్నారు. బరువు పడకూడదని మాకెవరూ చెప్పలేదు, ఈ పూట నుంచే ఆపిస్తాను.