హాస్టల్ పిల్లల్ని ఎక్కడ లెక్కపెట్టాలి: కాలేజీలోనా, ఊళ్లోనా?

బీడుభూమి:
2027 ఫిబ్రవరిలో జనగణన రెండో విడత, అంటే మనుషుల లెక్క. మా మండలంలో ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలంతా విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటున్నారు. రేషన్ కార్డు ఊళ్లో, ఓటు ఊళ్లో, తల మాత్రం హాస్టల్లో లెక్కేస్తారట. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు జనాభాని బట్టే కదా. కని పెంచిన ఊరికి సున్నా, ఫీజులు గుంజే ఊరికి జనాభానా?

లెక్కల మాస్టారు:
రేషన్ కార్డుకీ ఓటుకీ జనగణనతో పని లేదు. 2011లో ఎన్యూమరేటర్లకి, అంటే ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లకి, ఇచ్చిన సూచనలు చూడండి. గణన కాలం ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మామూలుగా ఆ ఇంట్లో ఉంటూ, ఆ 20 రోజుల్లో కొన్నాళ్లయినా అక్కడ ఉన్నవాళ్లనే ఆ ఇంట్లో రాస్తారు. కాలమంతా బయటే ఉన్నవాళ్లని ఇంట్లో రాయరు, ఉన్నచోట రాస్తారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, మధ్యలో పుట్టినవాళ్లని చేర్చి, చనిపోయినవాళ్ల పేర్లు తీసేశారు. లెక్కకు ప్రమాణం మార్చి 1, సున్నా గంటలు, అంటే ఆ క్షణానికి ఉన్న జనాభా. 2027కీ అదే, మంచు ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబర్ 1.

చలిచీమ:
మరి 2014 ఆగస్టు 19న అందరం బస్సులెక్కి ఊళ్లకు పోయినం కదా?

లెక్కల మాస్టారు:
అది తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో చేసిన సమగ్ర కుటుంబ సర్వే. జనగణన కాదు. ఆ రోజు గుర్తుండిపోయి, లెక్కంటే ఊరెళ్లాలని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు.

బీడుభూమి:
"కొన్నాళ్లయినా" అని మీరే అన్నారు. ఆదివారం ఇంటికొచ్చి రెండు పూటలు తిని వెళ్లినవాడు కొన్నాళ్లు ఉన్నట్టా, లేనట్టా?

లెక్కల మాస్టారు:
దానికి ముందున్న మాట చదవండి: మామూలుగా ఉండే చోటు. ఏడాదిలో పది నెలలు ఉండేది హాస్టల్లో. ఆదివారం వచ్చినవాడు మీ ఇంటికి చుట్టమే. చుట్టాన్ని మీ ఇంట్లో రాయాలంటే వాడు గణన కాలమంతా తన చోటికి దూరంగా ఉండాలి.

బీడుభూమి:
కన్నకొడుకు చుట్టమా! బాగుందండీ.

హాస్టల్ నం. 4:
మీ ఇద్దరూ ఆదివారం దగ్గరే ఆగిపోయారు. చిక్కంతా వేరేచోట ఉంది. మెస్‌లో అందరికీ ఒకే వంట అయితే ఆ హాస్టల్ సంస్థాగత కుటుంబం, అంటే బంధుత్వం లేనివాళ్లు ఒక సంస్థలో ఉంటూ ఒకే వంట తినేది. పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) భోజనం పెడుతున్నా అంతే. నలుగురు కుర్రాళ్లు గది అద్దెకు తీసుకుని స్టవ్ పెట్టుకుంటే అది మామూలు కుటుంబం, వాళ్లలో ఒకరు పెద్ద. అదే ఆవరణలో వార్డెన్ కుటుంబం విడిగా వండుకుంటే అదింకో కుటుంబం. ఒకే గేటు లోపల ఇన్ని రకాలుంటే, ఎన్యూమరేటర్ పొద్దున పదింటికొచ్చి తాళాలు చూసి వెళ్లిపోతాడు. క్లాసులు నాలుగింటి దాకా ఉంటాయి మరి. పిల్లాడు హాస్టల్లో రాయించుకుని ఉంటాడని ఇంట్లో వదిలేస్తారు, ఇంట్లో రాసుంటారని హాస్టల్లో వదిలేస్తారు. రెండుచోట్లా జారిపోతాడు. లేదా రెండుచోట్లా ఎక్కుతాడు. 2011 లెక్క అయ్యాక తనిఖీ సర్వే చేస్తే, ఎక్కువ తక్కువలు పోగా వెయ్యికి 23 మంది జారిపోయారని తేలింది.

పైరగాలి:
గదిలో వండుకుంటాం, ఆదివారం మెస్‌లో తింటాం. మేం ఏ రకం కుటుంబం అన్నా?

హాస్టల్ నం. 4:
రోజువారీ వంట ఎక్కడో అదే చూస్తారు తమ్ముడూ. మీది మామూలు కుటుంబం.

బీడుభూమి:
నా డబ్బుల ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఊళ్లో ముసలాళ్లు మిగిలారు. వాళ్లకి నీళ్లు, లైట్లు ఎవరిస్తారు?

లెక్కల మాస్టారు:
పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంటుని రాష్ట్రాల మధ్య పంచడానికి జనాభాకు 90, విస్తీర్ణానికి 10 తూకం పెట్టింది. జనాభా తగ్గితే వాటా తగ్గుతుంది, మీ మాట నిజమే. కానీ ఆ పిల్లల బోరు నీళ్లు, మురుగు, చెత్త బండి అన్నీ కాలేజీ ఉన్న పంచాయతీ నెత్తినే కదా? నిబంధన రాసినవాళ్లకి ఆమాత్రం తెలియదా?

బీడుభూమి:
నిబంధన, నిబంధన! స్టాఫ్ రూంలో కూర్చుని పాఠం చెప్తున్నట్టుంది. డబ్బు సంగతి పోనివ్వండి మాస్టారూ. ఈసారి అన్ని కులాలూ రాస్తారు, 1931 తర్వాత మొదటిసారి. హాస్టల్లో ఆ గడి ఎవరు నింపుతారు? అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని వార్డెన్ వరసగా రాయించేస్తాడు. మా పిల్ల కులం ఎవడో పరాయివాడు చెప్పాలా?

కృష్ణలంక:
ఇదన్నమాట అసలు సంగతి. ఇంతసేపూ వీధిలైట్లన్నారు.

లెక్కల మాస్టారు:
ఇది మంచి ప్రశ్న, ముందే అడగాల్సింది. జనగణన చట్టం 1948లో ఆరో సెక్షన్ కింద విద్యాసంస్థ బాధ్యుల్ని, బోర్డింగ్ హౌస్ నడిపేవాళ్లని జనగణన అధికారి పని చేయమని ఆదేశించవచ్చు. కాబట్టి వార్డెన్ చేతికి రావడం కుదురుతుంది. కానీ రిజిస్టర్ చూసి రాస్తే తప్పులు పడతాయి. 2011 ఫారంలో పుట్టిన ఊరు, అంతకుముందున్న చోటు, వలస కారణం, మాతృభాష అడిగారు. వీటిలో కొన్ని అడ్మిషన్ రిజిస్టర్లో ఉండవు. మతం, కులం గడులు ఇంకా చిక్కు. ఎస్సీ అని రాయాలంటే మతం హిందూ, సిక్కు, బౌద్ధాల్లో ఒకటి కావాలి. ఎస్టీకి ఆ షరతు లేదు. రిజిస్టర్లో ఎస్సీ అని ఉంటుంది, పిల్లాడు క్రైస్తవమని చెప్తాడు. వార్డెన్ ఒకటి చూసి ఇంకోటి ఊహిస్తే ఆ రెండు గడులూ పొసగవు. సర్టిఫికెట్ చూపమని అడగరు, చెప్పింది రాస్తారు. అందుకే ఎవరు చెప్పారన్నది ముఖ్యం.

బీడుభూమి:
అందుకే ఇంట్లో రాయమంటున్నా. తండ్రికి తెలియదా?

కృష్ణలంక:
తండ్రి చెప్పినా పరాయినోటి మాటే బాబాయ్. ఇంట్లో కుటుంబ పెద్ద అందరి తరఫునా చెప్పేస్తాడు, ఇరవై ఏళ్ల పిల్ల మతం కూడా. ఇంట్లో నాన్న చెప్తాడు, హాస్టల్లో వార్డెన్ చెప్తాడు. హాస్టల్లో అయితే కనీసం మేం పక్కనే ఉంటాం, మా గడి మేమే చెప్తామని అడగొచ్చు. మీకు బాధ వార్డెన్ రాస్తాడని కాదు, పిల్ల తనంతట తను చెప్తుందని.

బీడుభూమి:
నోరు జారకమ్మా. పదహారేళ్ల ఇంటర్ పిల్లకి ఉపకులం పేరు సరిగా తెలుసా? అక్కడ ఫోన్ కూడా లాగేసుకుంటారు, మాకు కాల్ చేసి అడగాలన్నా కుదరదు.

హాస్టల్ నం. 4:
ఫోన్ లేకపోతే జనగణన వివరాలు స్వయంగా నింపుకునే పోర్టల్లోకీ వెళ్లలేరు, లాగిన్‌కి మొబైల్ నంబర్ కావాలి. ఇంటర్ హాస్టళ్లకి సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు గంట అడగాలి. గదులవారీ పేర్ల జాబితా ముందురోజే ఎన్యూమరేటర్‌కి ఇచ్చి, పిల్లల్ని గదికొకరిని కాకుండా ఒక్కొక్కరినే కూర్చోబెట్టాలి. పక్క బెడ్డువాడి ముందు కులం చెప్పమంటే సగంమంది ఏదో ఒకటి అనేస్తారు. పేరు, పుట్టినరోజు జాబితాలోంచి ఎక్కించుకోవచ్చు, మిగతావి నోటితో అడగాలి. మైనరుకి తెలియని గడి ఉంటే ఆ రాత్రి వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి అడిగించి మర్నాడు నింపాలి.

బీడుభూమి:
ఆ ఫోన్ చేయిస్తామని కాలేజీ రాతపూర్వకంగా ఇస్తే, హాస్టల్లోనే లెక్కపెట్టుకోండి. గ్రాంటు సంగతి మాత్రం వదలను.

కృష్ణలంక:
మైనర్ల వరకే ఆ ఫోన్. డిగ్రీ వాళ్ల గదులకి కాదు.