2013 వ్యాగన్ఆర్: బయటి బల్బులన్నీ ఎల్ఈడీకి మార్చాలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారం. అమ్మను నెలకు రెండుసార్లు హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలి. హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదు. పోయిన వారం ఒక షాపులో నాలుగు ఇండికేటర్లకూ ఎల్ఈడీ వేయించాను. అప్పటి నుంచి అవి రెట్టింపు వేగంతో కొట్టుకుంటున్నాయి. "ఎల్ఈడీ అంటే అంతే" అన్నారు. హెడ్‌లైట్లు కూడా మార్చేయమంటున్నారు. అమ్మ పక్కన కూర్చుంటుంది కదా, నాకు టెన్షన్‌గా ఉంది. మార్చమంటారా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)

తమ్ముడూ, నాది ఇరవై రెండేళ్లుగా కారు వైరింగు పనే. హెడ్‌లైట్ల జోలికి మాత్రం వెళ్లకు.

ముందు ఇండికేటర్ల సంగతి. పాత బల్బు ఒక్కోటి 21 వాట్లు. ఒక వైపు రెండూ కలిసి దాదాపు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఎల్ఈడీ అందులో కొంచెమే లాగుతుంది. అంత కరెంటు పోకపోతే బల్బు మాడిందనుకుని ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పరికరం) వేగంగా కొడుతుంది. ఇప్పుడది ఎప్పుడూ అలాగే కొడుతోంది కాబట్టి, రేపు నిజంగా ఒకటి పోయినా నీకు తెలియదు.

దీనికి కొందరు పాత బల్బులా కరెంటు లాగడానికి 6 ఓంల రెసిస్టర్ కలుపుతారు. అది సలసలా కాగుతుంది, ఇనుప బాడీకి బిగించాలి. మొన్న నా దగ్గరకొచ్చిన ఒక కారులో దాన్ని వెనక లైటు ప్లాస్టిక్‌కే టేపుతో చుట్టేశారు. విప్పితే రూపాయి బిళ్లంత మేర కరిగి గోధుమరంగు గుంట పడి ఉంది. పక్క వైరు తొడుగు పెళుసెక్కి వేలు తగిలితే రాలిపోతోంది. నువ్వు పాత నారింజ బల్బులే మళ్లీ పెట్టించు.

ఇక హెడ్‌లైట్. నీ హెచ్4 బల్బు తీసి వెలుతురులో చూడు. గాజు మాత్రం ముట్టుకోకు, చేతి జిడ్డంటితే త్వరగా పోతుంది. లోపల రెండు ఫిలమెంట్లు (వెలిగే తీగలు) ఉంటాయి, ఒకటి దూరానికి వేసే హై బీమ్‌కు, ఇంకోటి కిందికి పడే లో బీమ్‌కు. లో బీమ్ ఫిలమెంట్ కింద గరిటె లాంటి చిన్న రేకు కనిపిస్తుంది. వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉండే మెరుపు గిన్నె) కింది సగం మీద పడకుండా ఆపేది అదే. రిఫ్లెక్టర్ వంపంతా ఆ ఫిలమెంట్ ఉన్న చోటును బట్టే చేస్తారు. ఎల్ఈడీ చిప్పు కొంచెం అటూఇటూ అయినా వెలుగు పైకి చిమ్ముతుంది. కారు ముందు పది గజాలు తెల్లగా మెరిసేసరికి బాగుందనిపిస్తుంది, దూరం మాత్రం చీకటే. ఎదురొచ్చే లారీ డ్రైవరుకు కళ్లు బైర్లు కమ్ముతాయి.

నీ అసలు జబ్బు వైరింగులో ఉంటుందని నా అనుమానం. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, లైట్లు వేసి, బల్బు హోల్డర్ దగ్గర వోల్టు మీటర్ పెట్టించు. ఒక్క వోల్టు తగ్గితే దాదాపు పావు వంతు వెలుగు పోతుంది. 12 వోల్టులు దాటకపోతే బ్యాటరీ నుంచి నేరుగా రిలే వైరింగు (స్విచ్ రిలేను మాత్రమే నడిపి, బల్బు కరెంటు లావు వైర్ల గుండా నేరుగా వెళ్లేలా) వేయించు, మంచి 60/55 వాట్ల బల్బులు కొను. లైట్ల ముందు అద్దాలు పచ్చబడి ఉంటే పాలిష్ పట్టించు. తర్వాత ఏడెనిమిది మీటర్ల దూరంలో గోడకు ఎదురుగా ఆపి లో బీమ్ వేసి చూడు. గీత గీసినట్టు వెలుగు తెగి, ఎడమ పక్క కాస్త పైకి లేవాలి.

నంబరు ప్లేటు, పార్కింగ్ లైట్లకు ఎల్ఈడీ వేసుకో, ఇబ్బంది లేదు. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి, వెలగకపోతే తిప్పి పెట్టు.

జవాబు (హనుమకొండ నుంచి)

ఒక్క మాట. నేను వెనక బ్రేకు బల్బులకు ఎల్ఈడీ వేయించాను. మామూలు బల్బులో 5 వాట్లది, 21 వాట్లది రెండు ఫిలమెంట్లు కాబట్టి బ్రేకు తొక్కితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నా ఎల్ఈడీలకు ఆ తేడానే లేదు. మిట్టమధ్యాహ్నం మా తమ్ముణ్ణి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కితే, "అక్కా, తొక్కావా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే తీసేశాను. మీరు వేస్తే ఎర్ర చిప్పులవే వేసి, ఇలా ఎండలో చూసుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నా, మీటర్ పెట్టించాను. బ్యాటరీ దగ్గర 14.1 ఉంది, హోల్డర్ దగ్గర 11.3 మాత్రమే! రిలే వేశాక 13.4 వచ్చింది. ఇండికేటర్లకు పాత బల్బులే పెట్టించాను. నిన్న తెల్లవారుజామున సూర్యాపేట దాటాక రోడ్డు అంచు తెల్లగీత దూరం దాకా కనిపించింది. అమ్మ దారి పొడవునా నిద్రపోయింది. మీ ఇద్దరికీ చాలా థాంక్స్.